తాతదా, మనవడిదా

ఆవముద్ద సీసాలో తెచ్చాడు,
మూత చుట్టూ ఇంకా పసుపుపచ్చని మరక.
పదకొండు వెండి బిళ్ళలు.
మేకల దొడ్డికి గుంజ పాతుతుంటే
గునపానికి తగిలాయట.
రిజిస్టరులో రాసుకున్నాను: ఫుల్బేర్ టెక్సెరో,
మెల్ ఊరి పొలిమేర, డెబ్బై ఆరేళ్ళు.

"ఇవి పెద్ద షార్ల్‌వేనా?"
కుర్చీ లాక్కోకముందే అడిగాడు.

త్రాసు ముల్లు కుదురుకునేదాకా ఆగమన్నాను.
ఒక గ్రామూ, పైన అరవై ఎనిమిది వంతులు.
ఇంకోటి అరవై ఐదు.
మరోటి అంచు కొరుక్కుపోయి యాభై రెండు.
చిటికెడు ఉప్పంత బరువు,
దానికోసం ఎవరో గొయ్యి తవ్వారు, ఎవరో తిరిగి రాలేదు.

కిటికీ వెలుగుకి ఒరగబెడితే
అక్షరాలు లేస్తాయి,
నిద్ర చాలనివాళ్ళలా, ఒక్కొక్కటే.
ఒకవైపు సిలువ, చుట్టూ *కార్లుస్, ఫ్రాంకుల రాజు*.
రెండోవైపు ఊరిపేరు, *మెటుల్లో*,
నడుమ పేరు ముడి:
సిలువ కొమ్మలకు నాలుగు హల్లులు,
అచ్చులన్నీ మధ్యగడిలో ఇరుకు కాపురం.
ఆ గడిలో రాజు ఒక్క గీత గీస్తే
సంతకం అయిపోయేదంటారు.

"చూడండి," అన్నాను, "చిక్కు ఇక్కడే.
తాత పోయాడు. కొడుకు ఏలాడు, పోయాడు.
మనవడు అదే పేరుతో గద్దెక్కితే
టంకశాలవాళ్ళు బుర్ర పాడుచేసుకోలేదు,
పాత అచ్చునే చూసి కొత్త అచ్చు చెక్కారు.
వెండి ఒకటే, మీ ఊరి సీసపు గనిది.
పేరు ఒకటే. బరువూ ఒకటే.
చెక్కిన చేతులే వేరు."

నాలుగింటి మీద *ఆర్* కాలు
ఒకేచోట విరిగి ఉంది.
ఒకే అచ్చు, ఒకే సమ్మెట,
బహుశా ఒకే మధ్యాహ్నం.
ఆ పనివాణ్ణి ఇంకే సంచిలో చూసినా పోల్చుకుంటాను,
కూలి ఇచ్చిన రాజునే పోల్చలేను.

పన్నెండు దెనియేలైతే ఒక సోలిదు.
దాచేవాడు లెక్కగా దాస్తాడు.
"పన్నెండోది?" అన్నాను.
అతను పార్కింగులో తన వ్యాను కేసి చూశాడు.

మూడు వారాల తర్వాత, వానలో,
పర్సులోంచి పన్నెండోది తీశాడు, టిష్యూ కాగితంలో చుట్టి.
"ఇది చూపిస్తే తక్కినవి చవకైపోతాయని
పక్కింటి గోతియే చెప్పాడు."

*దేవుని దయవల్ల రాజు.*
ఈ మాట మనవడిదే,
ఎనిమిదివందల అరవై నాలుగు దాటాకే.
అంటే గొయ్యి పూడ్చిన కాలం తెలిసింది.
గోతిలో పడ్డవి ఎప్పుడు పుట్టాయో
గొయ్యి చెప్పదు.
ముసలి నాణేలు కూడా కుర్రవాటితో కలిసి
అంగడికి వెళ్తాయి కదా.

"అయితే తేలనట్టేనా?"
"తేలనట్టే."

కోప్పడతాడనుకున్నాను.
గొడుగు విదిలిస్తూ అన్నాడు:
"మా ఊళ్ళో యుద్ధంలో పోయినవాళ్ళ రాయి మీద
టెక్సెరో ఫుల్బేర్ అని ఉంది.
నేను పుట్టకముందే చెక్కారు.
ప్రతి నవంబరూ పూలగుత్తి పట్టుకుని
దాని ముందే నిలబెడతారు నన్ను.
చిన్నప్పుడు భయమేసేది.
ఇప్పుడు వెళ్ళి నాచు గోకి వస్తుంటాను."

సీసా మరిచిపోయి వెళ్ళాడు.
కడిగినా ఆవాల ఘాటు పోలేదు,
పెన్సిళ్ళు వేసుకున్నాను.

సాయంత్రం చీటీలు రాశాను.
ఊరు: మెల్, సందేహం లేదు.
లోహం: వెండి.
రాజు: షార్ల్, పక్కన ప్రశ్నార్థకం, పదకొండుసార్లు.
విరిగిన *ఆర్* చెక్కినవాడికి
మా చీటీలో గడి లేదు.
ఆ నాలుగింటి అంచున
పెన్సిల్‌తో ఒక్కో గీత గీసి
దీపం ఆర్పాను.