రెండో చుక్క

టంకశాల వీధిలో ఇప్పుడు టంకశాల లేదు.
మార్వాడీ మిఠాయి, పెళ్లి కార్డులు,
మెట్ల కింద నా బల్ల, భూతద్దం.

రాయపురం నుంచి వచ్చాడు ఏసుపాదం.
బంగారు పూత వేసిన పాత రూపాయి బిళ్ల.
ఏడాది అంకెల కింద
ఒకటి ఉండాల్సిన చోట రెండు చుక్కలు.
"లచ్చ పలుకుద్దంటగా అక్కా?"

దీపం పక్కకు వంచాను.
అచ్చు దెబ్బకు లేచిన చుక్కకి అంచులుంటాయి,
అయిదు మొనలూ నిలబడతాయి,
నీడ గీత గీసినట్టు పడుతుంది.
ఇది హైదరాబాదుది.
రెండోదానికి భుజాలు జారాయి.
పుల్లతో నొక్కితే
అప్పడం పొంగులా లోపలికి పోయింది.
బొబ్బ, నాయనా. పూత కింద చిక్కిన గాలి.

వాడి మొహం చూడలేక
మళ్లీ అద్దంలోకి వంగాను.
జిడ్డు సరిగా కడగలేదు,
కరెంటు ఎక్కువ పెట్టాడు,
సేటు ఆర్డరు సాయంత్రానికే కావాలి కాబోలు.
ఈ వెనక సందులోనే ముప్పయ్యేళ్లు
ఇలాంటి బొబ్బలకే తిట్లు తిన్న మనిషిని
నేనెరుగుదును.
మా ఇంట్లో ఆయన చేతి వస్తువు
ఒక్కటీ మిగల్లేదు.

"తప్పే గానీ, టంకశాల తప్పు కాదు" అన్నాను.
ఆగి,
"ఎంతకిస్తావు?"