ఎర్ర బిళ్ళ

మా లైనుకు ఒకటే బిళ్ళ.
అరచేతంత చెక్క, ఎర్ర రంగు, పైన చిల్లు,
చిల్లులో జీన్సు దారం.
మేం నలభై మందిమి.
మేకుకు వేలాడే ఆ బిళ్ళ చేతికొస్తేనే
పాయిఖానాకు దారి.

మాసేరులో జూన్ అంటే చలి.
కొండల మీద మంచు పడితే
ఇక్కడ రేకుల కింద మా వేళ్ళు కొయ్యబారతాయి.
లిమాఖో నిండు నెలల మనిషి.
మేకు వైపు చూసేది, సూది వైపు చూసేది,
మళ్ళీ మేకు వైపు.
బిళ్ళ ఎవరి దగ్గరో ఉంది.
ఆ రోజు ఆమె కుర్చీ తడిసింది.
ఎవరమూ తల ఎత్తలేదు.
నేను వెనక జేబులు కుడతాను, గంటకు నూట పది.
ఆ గంటలో కూడా నూట పదే కుట్టాను.
ఇప్పటికీ నాకు మింగుడు పడనిది అదే.

కెనువే మినీబస్సులో ఊరుకునేది కాదు.
నా జీతం చీటీ తన మోకాలి మీద పరిచి
పెన్సిలు ముక్కతో గీసి చూపించేది:
ఇది నువ్వు రాని రోజుకు కోత.
ఇది నువ్వు వచ్చిన రోజుకు కోత.
ఇది దేనికో నాకూ తెలీదు,
అడుగుదాం.
పక్కింట్లో ఉప్పు అడిగినంత తేలిగ్గా
ఆ మాట అనేది.
సంఘం చందా ఎంత అన్నాను. చెప్పింది.
ఆ డబ్బుకి రెండు కట్టల ఆకుకూర వస్తుంది, అన్నాను.
వస్తుంది, అంది.
తన స్టాపు రాగానే దిగిపోయింది.

మామోఖెతి మొగుడు సరిహద్దు దాటి గనుల్లోకి పోయి
దగ్గు తెచ్చుకుని, ఆ దగ్గుతోనే పోయాడు.
అతని రంపం మంచం కింద మిగిలింది.
ఆదివారం ప్రార్థన అయ్యాక ఆమె గదిలో చేరాం.
పండ్ల పెట్టెల పలకలు కోసింది ఆమె.
రంగు పూసింది లిమాఖో, పొట్ట మీద బిళ్ళ ఆనించుకుని.
చిల్లులు నావి.
దారం ఫ్యాక్టరీదే, దేవుడు క్షమించాలి.
తెల్లారేసరికి ముప్పై తొమ్మిది.

సోమవారం పది గంటలకు
లిమాఖో లేచింది, చేతిలో ఎర్ర బిళ్ళ.
పక్కనామె లేచింది. ఆ పక్కనామె.
మేకు మీది దాన్ని కూడా ఎవరో తీశారు.
అసలుది ఏది, అని అరిచాడు సూపర్‌వైజరు.
అన్నీ చెక్కే, అంది కెనువే.
మిషన్లు ఆగాక
రేకుల మీద పావురం నడక వినబడింది.
ఆరేళ్ళుగా అక్కడే ఉంది కాబోలు ఆ పావురం.

తర్వాత పదకొండు రోజులు గేటు బయట
దుప్పట్లు కప్పుకుని, ఒకే కుండలో జొన్న గంజి.
కొందరు లోపలికి వెళ్ళిపోయారు. వాళ్ళకూ పిల్లలున్నారు.
పన్నెండో రోజు ఒక కాగితం మీద సంతకాలు.
బిళ్ళ ఉండదు.
కోతకు కారణం రాసివ్వాలి.
కాన్పుకు జీతంతో సెలవు, అడిగినన్ని రోజులు కాదు.
పెరిగిన కూలికి అర బస్తా మొక్కజొన్న పిండి.
మామోఖెతిని మాత్రం తీసుకోలేదు,
ఫ్యాక్టరీ సొత్తుకు నకలు చేసిందట.
ఆ కేసు ఇంకా నడుస్తోంది.
నెలనెలా మేం తలా కొంచెం ఇస్తాం,
ఆమె లెక్క రాసుకుంటుంది, ఎంత వద్దన్నా.

సంఘం ఫారంలో పేరు దగ్గర ఆగాను.
పెళ్ళినాడు అత్తగారు నాకు కొత్త పేరు పెట్టింది,
ఇంకా కడుపున పడని బిడ్డకు తల్లినని.
ఫ్యాక్టరీలో నేను మూడువేల నూట పదిహేడు.
మీ అమ్మ ఏమని పిలిచేది, అంది కెనువే.
మొసెలాంచా, అన్నాను సిగ్గుగా. కుక్కతోక.
నాకు ముందు పుట్టినవాళ్ళు దక్కలేదని
చావు కన్ను పడకుండా పెట్టిన పేరు.
పనిచేసిందిగా, అంది. రాయి.
రాశాను.

మర్నాడు, పని మధ్యలో లేచి
పాయిఖానాకు వెళ్ళాను.
అవసరం లేదు.
తలుపేసుకుని ఊరికే కూచున్నాను,
గోళ్ళ కింది నీలం చూసుకుంటూ.
ఎవరూ తలుపు కొట్టలేదు.