ఏడుపు తాగే నోరు

గోడ మీద కంటి పటం ఉంది.
నిలువుగా కోసిన ఉల్లిపాయలా పొర కింద పొర.
ఒక్కో పొరలోంచి ఒక్కో గీత బయటికొచ్చి
తన పేరు తాను చెప్పుకుంటుంది.
పన్నెండేళ్ళుగా గాయింత్ కొండల్లో దీన్ని
కంచరగాడిద మీద మోసుకు తిరుగుతున్నాను.
వానకి తడిసి కంటినరం చివర చిరిగితే
ప్లాస్టర్ వేశాను,
మనుషులకి వేసేదే.

ఇవాళ బడి బల్లలు రెండు దగ్గరికి లాగి
తంగుత్‌ని పడుకోబెట్టాను.
మెడలో నల్లతాడు, తాడుకి శిలువ,
శిలువ పక్కన వేలెడంత ఇనుప పట్టకారు.
వొరెంతో అంటాం మేము.
"తీసెయ్యమ్మా" అన్నాను.
"శిలువా?" అంది.

కంటికి రెప్పలా, అంటుంది లోకం.
ఈమె ఎడమ కంట్లో కంచే చేను మేసింది.
నీళ్ళు కొండ కిందే దొరికిన రోజుల్లో,
ఈ పిల్లకంటే చిన్నప్పుడు,
ఈగ మోసుకొచ్చిన జబ్బు
రెప్ప లోపలి మెత్తని పొర మీద మచ్చ కట్టింది.
మచ్చ ఎండింది, ముడుచుకుంది,
ఎండలో మరిచిపోయిన తోలులా
రెప్ప అంచుని లోపలికి వంచింది.
మిగతాది వెంట్రుకలు చూసుకున్నాయి.

నల్లగుడ్డు మీద అద్దంలా ఉండేది కార్నియా.
నెత్తురు దాని దాకా రాదు, వస్తే మసకే.
గాలిలోంచి, కన్నీటిలోంచి ఊపిరి తీసుకుంటుంది.
నరాలు మాత్రం ఒంట్లో మరెక్కడా లేనంత చిక్కగా.
దుమ్ము రేణువు వాలితే ఒళ్ళంతా లేచి కూర్చుంటుంది.
అలాంటి చోట, రెప్ప వేసిన ప్రతిసారీ,
నిమిషానికి పదిహేనుసార్లు,
ఏడు వెంట్రుకలు గీకుతాయి.
రోజుకెంతో లెక్క కట్టకండి.
నేనోసారి కట్టి ఆ రాత్రి అన్నం వదిలేశాను.

"ఏడు కాదు" అంది గుమ్మంలో పిల్ల.
ముచ్చిత్. మనవరాలు. పదేళ్ళుంటాయేమో.
"ఎనిమిది. ముక్కు వైపుది తెల్లది,
ఎదురు వెలుతురులో కనపడదు.
తల కొంచెం పక్కకి తిప్పి చూడు."
తిప్పి చూశాను.
ఉంది.
పొగ లేస్తే అవ్వ కళ్ళు తెరవదు గనక
ప్రతి ఆదివారం కాఫీ గింజలు వేపకముందే
ఆమె తల ఒళ్ళో పెట్టుకుని పీకేదట.
నేనొస్తానని కబురొచ్చాక మూడు వారాలు మానేశారు.
ఆ మూడు వారాల సంగతి ఇద్దరూ చెప్పలేదు.
"ఈ మూల చిన్న రంధ్రం ఉంది,
దాని జోలికి మాత్రం పోకు" అంది.
నా పటంలో దానికి లాటిన్ పేరుంది.
"నువ్వేమంటావు దీన్ని?"
"ఏడుపు తాగే నోరు."

మందు సూది. రెప్ప కింద లోహపు రేకు.
అంచుకి మూడు మిల్లీమీటర్ల పైన కోత.
మూడు కుట్లు. దారం బిగుస్తుంటే
వెంట్రుకలు ఒక్కొక్కటే బయటికి మళ్ళాయి,
గాలి మారినప్పుడు తెఫ్ చేను మళ్ళినట్టు.
బయట ఎవరో గొర్రె బేరమాడుతున్నారు.
నేను ముడి వేసేసరికి ఇంకా తెగలేదు.

"చూపు రాదమ్మా" అని ముందే చెప్పాను.
"గీతలు పడ్డ అద్దం అలాగే ఉంటుంది.
నొప్పి పోతుంది, అంతే."
"చూపెవరడిగారు?" అంది తంగుత్.

మర్నాడు కట్టు విప్పాను.
తెరిచింది. మూసింది.
ఆగిపోయింది,
ఇంకో మెట్టుందనుకుని
కాలు నేలకి తగిలినట్టు.
మళ్ళీ మూసింది.
ఏదైనా చూస్తుందని మేమంతా ఎదురుచూస్తున్నాం,
మనవరాల్నో, కొండనో, కనీసం నన్నో.
ఆమె రెప్ప వేస్తోంది.
రెప్ప మీద రెప్ప.
కొత్తగా దొరికిన నడకలా అటూ ఇటూ.

వెళ్తూ తాడు విప్పి
వొరెంతోని బల్ల మీద పెట్టింది.
నాకిచ్చిందనుకున్నాను,
పటం పక్కన మేకుకి తగిలిద్దామనుకున్నాను.
ముచ్చిత్ వచ్చి తీసుకుంది.
"గాడిద వెనక కాలిలో ముల్లుంది."