ఏడో నంబరు ఇల్లు

ఈ దీవికి మబ్బులు రెండు.
ఒకటి సరస్సు మీద పుట్టి
మధ్యాహ్నానికల్లా సోలార్ పలకల మీద
గొంగడి పరుచుకుని కూర్చుంటుంది.
రెండోది కంటికి కనిపించదు.
కంపెనీ వాళ్ళు క్లౌడ్ అంటారు.
ఏ దేశంలో ఉందో నాకూ తెలీదు గానీ
నలభై మూడు మీటర్లూ పావుగంటకోసారి
దానికి లెక్క ఒప్పజెబుతాయి.

పొద్దున పుట్టానని నాకు ఒకిన్యి అని పేరు.
నిచ్చెన, తడిగుడ్డ, ఒక ఫోను నా ఉద్యోగం.
నీటికాకులు పలకల మీద రెట్టలేస్తాయి,
తిట్లు మాత్రం నాకు.

మూడు రోజులుగా ముసురు.
బ్యాటరీలో పందొమ్మిది శాతం.
కనపడని మబ్బు నుంచి కబురు:
టీకాల ఫ్రిజ్ నడవాలి.
చేపల మంచుపెట్టె ఆపాలి.
ఇంటికొక బల్బు, తొమ్మిదింటి దాకా.

న్యాయమే, కాదనను.
జనరేటరు రోజుల్లో
డీజిల్ కొన్నవాడిది వెలుగు, పక్కవాడిది పొగ.
ఇది చీకటిని కూడా సమంగా కొలిచి పోస్తుంది.
అయినా, మంగలి ఒండిటి కుర్చీలోంచి
సగం గొరిగిన తలతో లేచొచ్చిన కుర్రాడు
టోపీ తీసి చూపిస్తుంటే
సమన్యాయం గురించి ఏం చెప్పను?

అకేయోది ఇరవై రెండో నంబరు.
రోజూ రాత్రి రెండింటికి ఆ ఇంట్లో బల్బు వెలుగుతుంది,
నలభై నిమిషాలు.
తెర మీద చిన్న గూనిలా లేచే ఆ గీత
మబ్బుకి కంఠతా వచ్చు.
వాళ్ళత్త దగ్గు తెలీదు.
వీపు నిమిరి, గిన్నె పట్టి,
ఉమ్మింది ఏ రంగో చూడ్డానికి
అకేయోకి వెలుగు కావాలని తెలీదు.

అర్జీ పెట్టాను. కారణం ఎంచుకోమంది.
వ్యాపారం, చదువు, ఆరోగ్య కేంద్రం, మరమ్మతు.
అట్టడుగున, ఇతరములు.
దగ్గు ఇతరములే కాబోలని నొక్కాను.
'పరిశీలనలో ఉంది' అంది.

అప్పుడు మా ఇంటి వాటా
ఆమె నంబరుకి మార్చేశాను.
విచిత్రం, దానికి కారణం అడగలేదు.

ఆ రాత్రి చీకట్లో
ముళ్ళు వేళ్ళతో తడుముకుంటూ చేప తిన్నాం.
మా ఆవిడ ఏమీ అనలేదు,
పళ్ళెం కాస్త గట్టిగా పెట్టింది, అంతే.
రెండింటికి మాత్రం నాకంటే ముందే లేచి
గడపలో నిలబడి కొండవాలు వైపు చూసింది.
'వెలిగింది' అంది.

తెల్లారేసరికి నివేదిక వచ్చింది.
ఇరవై రెండు: మామూలే.
ఏడు: ఇంట్లో ఎవరూ లేరు.