నలభై ఎనిమిది దాకా

నాకు మరాఠీ నలభై ఎనిమిది దాకే వచ్చు.
అంతకు మించిన నడుము
ఆ రోజుల్లో మా అంగడి మెట్లెక్కలేదు.

ఆజీ టేపు పట్టేది, నేను పుస్తకం.
"చౌతీస్" అంటే ఛాతీ.
"సవ్వీస్" అంటే నడుము.
"బావీస్" అంటే చేయి పొడవు.
కాలరూ జేబూ కాజాలూ మాత్రం తెలుగే.
అన్నం తెలుగు, తిట్లు తెలుగు,
లక్ష్మమ్మవ్వ తేరుకు మొక్కిన మొక్కులూ తెలుగే.
కొలతొక్కటే
ఎప్పుడో ఎవరో మూటలో కట్టుకొచ్చిన మాట.

ఆజోబా మిషను కొన్ననాడు
గోడ మీద బోర్డు: బళ్ళారి జిల్లా, మద్రాసు రాష్ట్రం.
మిషను జానెడు కూడా జరగలేదు.
దాని కింద జిల్లా జరిగింది.
ఒక పొద్దున పెడలు మీద కాలు పెట్టేసరికి
కాలి కింద కర్నూలు.
పెయింటరుకు మూడు రూపాయలిచ్చి
పేరు మార్పించినాడంట.
మిగిలిన పచ్చరంగు వృథా చేయడమెందుకని
మిషను కాళ్ళకు పూసినాడు.
ఇప్పటికీ ఉంది, గీకితే వస్తుంది.

బజారులో మేము "రావులు".
బడిలో నేను "బారెడు".
హిబారె యమున అని పిలవడం చేతగాక
హాజరు పట్టీ దగ్గర సారే మొదలుపెట్టినాడు.
"మీది ఏ ఊరు?" అంటే "ఆదోని."
"అది కాదప్పా, అసలుది?"
అసలుది ఎక్కడుందో
నేనూ వెతుకుతూనే ఉన్నా, సార్.

పన్నెండో ఏట ఆజీ నన్ను పండరీపురం తీసుకపోయింది.
"మనూరికి పోతున్నాం" అంది రైల్లో రాత్రంతా.
మనూరు దాటొచ్చి ఆరు గంటలైందే అనుకుంటా
ఆమె ఒళ్ళో నిద్రపోయినా.

చంద్రభాగ ఒడ్డున గాజులంగడి.
డజను ఆకుపచ్చ గాజులు పట్టుకొని
మా ఇంటి మరాఠీలో ధర అడిగినా.
"పంచావన్న" అన్నాడు అంగడాయన.
నా టేపు అయిపోయింది.
నోరు తెరుచుకొని నిలబడినా.
ఆయన నవ్వి, వేళ్ళు చూపించి, హిందీలో చెప్పి,
ఆజీ వైపు తిరిగి "తుమ్హీ కుఠ్‌లే?" అన్నాడు.
"ఆదోనీచే" అంది ఆజీ.
ఆ "చే" దగ్గర నాలుగు సార్లు ముడివేసినట్టు
గట్టిగా పలికింది.
"ఓ, తెలుగువాళ్ళా!"

గాజులు కొనలేదు.
తిరుగు రైల్లో రాయచూరు దాకా నోరు విప్పలేదు.
రాయచూరు దాటినాక
"దోసె తింటావా?" అంది.
తెలుగులో.

ఇప్పుడు అంగడి నాది.
కూతురికి ఫోన్లో అన్నీ ఇంగ్లీషు ఇంచీలే.
నా లెక్క నేర్చింది మస్తాన్‌వలీ,
మిల్లు మూతబడినాక వాళ్ళమ్మ తెచ్చి వదిలిన
దూదేకులోళ్ళ పిల్లోడు.
ఛాతీ చుట్టూ టేపు తిప్పి
"బేచాళీస్ అక్కా" అని అరుస్తాడు, అచ్చం ఆజీ గొంతు.
"ఏం భాషరా అది?" అని ఎవరైనా అడిగితే
"టైలరు భాషన్నా" అంటాడు,
చిన్నప్పటి నుంచి అందరికీ తెలిసినట్టు.

మొన్న పత్తి మండీ షావుకారు వచ్చినాడు,
మనవరాలి పెండ్లికి సఫారీ కుట్టించుకునేకి.
మస్తాన్ టేపు చుట్టినాడు, ఆగినాడు,
మళ్ళీ చుట్టినాడు.
"అక్కా, దీన్నేమంటారు?"
నాకేం తెలుసు!
"యాబైరెండు రాసుకోరా" అనబోయినా.

లోపలి గదిలో,
మూడు నెలలుగా మనుషులను గుర్తుపట్టని మంచం మీద నుంచి
వచ్చింది:
"బావన్న."

"బావా, అన్నా? సరిగా చెప్పు అవ్వా!"
వాడు నవ్వినాడు, షావుకారు కడుపు ఊగేలా నవ్వినాడు,
నేను సుద్దముక్క పట్టుకొని
పుస్తకంలో రాయబోయి రాయలేకపోయినా.

బావన్న.
పంచావన్నకింక
మూడంగుళాలు.