వీలైనంత మేరకు

మినిట్స్ రాసేది నేనే.
మా తొమ్మిది సంఘాల్లో దస్తూరి బాగుండేది నాకేనని
ఎవరో ఒకసారి అన్నారు, అంతే,
ఆరేళ్ళుగా పెన్ను దించలేదు.

ముసాయిదా పదమూడు పేజీలు.
తాగునీటి కుళాయిలు ఎక్కడ పెట్టాలో
ఎవరిని అడిగి పెట్టాలో
ఇక జిల్లాలే తేల్చుకోవచ్చంట.
పైనుంచి అధికారం వదిలారు
సంగం దగ్గర తూము ఎత్తినట్టు.
మాకు కాలవల సంగతి తెలుసు.
తూము పక్కన రెండు కార్లు పండడం చూశాం,
చివరి ఆయకట్టులో కాలు ఇరుక్కునేంత నెర్రెలు చూశాం.
వదలడం వేరు,
అందడం వేరు.

మమ్మల్ని పిలిచిన కాయితంలో ‘భాగస్వాములు’ అని ఉంది.
మీటింగుకి నాలుగు రోజుల ముందు చేరింది.
ఆ నాలుగు రోజుల్లో
అల్లూరు ఖాజాబీ,
మూడు చక్రాల బండి మీద కావలి మాల్యాద్రి,
ట్రాన్స్‌జెండర్ల సంఘం నుంచి స్వర్ణ,
ఇందుకూరుపేట పక్క యానాది కాలనీ శీనమ్మ,
ఇంకా ఐదుగురు
మా వరండాలో కూర్చుని ఒక్క మాట మీదికి రావాలి.

రాలేదు.
కుళాయి మసీదు వీధి మలుపులో ఉండాలని ఖాజాబీ.
ముందు ఎత్తు తగ్గించండి, నా చెయ్యి అందాలని మాల్యాద్రి.
స్వర్ణ మాత్రం మెల్లగా
‘బిందె పట్టుకొస్తే నన్ను ఏ వరసలో నిలబెడతారు?’ అంది.
సమానత్వం మా బోర్డు మీదే ఉంది.
జవాబు మా దగ్గరా లేదు.
ఆ రాత్రి రాసిన వాటికంటే
కొట్టేసిన వాక్యాలే ఎక్కువ.

నెల్లూరు. జిల్లా పరిషత్ హాలు.
చివరి రెండు వరసలు మావి.
తొమ్మిది సంఘాలకీ కలిపి పది నిమిషాలు.
‘తలా ఒక నిమిషం,
మిగిలింది దండం పెట్టుకోడానికి’ అన్నాడు మాల్యాద్రి,
మైకు ఆన్‌లో ఉందని తెలియక.

ఏడో పేజీ, నాలుగో పేరా, ఒక గుమాస్తా చదువుతున్నాడు:
‘ప్రతి ఆవాసంలోని చివరి ఇంటికీ
వీలైనంత మేరకు నీరు అందించవలెను.’
చదువు రాని శీనమ్మ చెయ్యెత్తింది.
‘ఇంకోసారి చదువు నాయనా.’
చదివాడు.
‘ఆ వీలు ఎవురిది?’

ఫ్యాను చప్పుడు అప్పుడే మొదలైనట్టు వినపడింది.

‘మా వీలు రేత్రి రెండింటికి.
అప్పుడు లేచి పట్టుకుంటావుండాం.
మీ వీలు ఎప్పుడో మాకు తెల్దు.
ఆ మాట తీసేస్తే
వాక్యం పడిపోతాదా సార్?’

ఆయన చెడ్డ మనిషేం కాదు.
కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని
పెదాలతో ఆ వాక్యం చదువుకున్నాడు.
‘పడిపోదు’ అన్నాడు,
తన గొంతు తనకే కొత్తయినట్టు.

అలాంటప్పుడు మినిట్స్‌లో రాసే వాక్యం ఒకటుంది:
‘సూచనలు స్వీకరించడమైనది.’
ఎన్ని నోళ్ళు మింగిందో ఆ వాక్యం
నా చేత్తోనే.
ఈసారి ఆమె మాట ఆమె మాటగానే రాశాను.
‘ఎవురిది’ చూసి అచ్చుతప్పని దిద్దుతారేమోనని
కింద గీత కూడా గీశాను.

మూడు నెలలకి ఉత్తర్వు వచ్చింది.
ఏడో పేజీలో ఆ రెండు మాటలూ లేవు.
నా వేలు అక్కడే కాసేపు ఆగింది,
పన్ను ఊడిన చోట నాలుక ఆగినట్టు.
పదకొండో పేజీ తిప్పింది ఖాజాబీ:
‘పై నిబంధనలన్నియు నిధుల లభ్యతను బట్టి.’
‘ఇల్లు మారాడు, మనిషి వాడే’ అని నవ్వింది.
శీనమ్మ నవ్వలేదు.
‘ఆ పేజీ మీటింగు ఎప్పుడు మా?’ అని నన్నడిగింది.

స్వర్ణ ప్రశ్న ఇంకా నా దగ్గరే ఉంది.
ఏ పేజీలోకీ ఎక్కలేదు.

పాత నోటుబుక్కు అయిపోయింది.
ట్రంకు రోడ్డులో కొత్తది కొన్నాను, నలభై రూపాయలు.
ఆ ఖర్చు ఏ పద్దులో రాయాలో
సంఘం ఇంకా తేల్చలేదు.