గుటక

తొమ్మిది గొట్టంగనే
కొంగుల ముడేసిన ఫోను మొత్తుకుంటది.
గోళీ నోట్లేసుకొని, చెంబెత్తి,
మింగి,
పూనకు ఒక మిస్డ్ కాల్ ఇస్త.
ఒక్క రింగంటే: నేనేసుకున్న, మరి నువ్వు?
అటునుంచి ఒక్క రింగు: ఏసుకున్న.
రెండంటే: అన్నం కాడ ఉన్న, ఆగు.
పైస ఖర్సు లేని కాపురం మాది.

పాలమూరు పెద్ద దవాఖానల
ఏఆర్టీ సెంటరు బల్ల మీద
మొదటిసారి కూసున్ననాడు
నడుమ ఇంకో మనిషి పట్టేంత జాగ ఇడిసిన.
మన్నెమ్మ అని పిలిస్తె
మూతికి కొంగడ్డం పెట్టుకొని లేసిన.
కుర్మయ్య అని పిలిస్తె
ఆయన చెప్పుల దిక్కు చూసిండు.
"ఒకరికొకరు యాదిజేసుకుంటరా?"
అనడిగింది కౌన్సిలింగు మేడం.
నవ్వొచ్చింది.
యాదికేం తక్కువ మేడం,
మరవనీకెనే గోళీ ఉంటే ఇయ్యి.

మాఫ్ చేసినవా అని ఒకసారి అడిగిండు.
ఉల్లిగడ్డ తరుగుతున్న.
చెయ్యలే అన్న.
ఏసుకున్నవా అన్న.
రెండు మాటలు ఒకదాని మీదొకటి వడ్డయి,
ఏది ముందొచ్చిందో ఇయ్యాల్టికీ తెల్వది.

పత్తి ఏరుడుకని వచ్చిండు పోయినేడు.
బట్టలు నానబెడ్దామని సంచి దులిపితె
సాక్సుల చుట్టిన సీసా.
మూత తీసి చాటల పోసిన,
చింతగింజలు లెక్కవెట్టినట్టు
ఏలుతోని జరుపుకుంట జరుపుకుంట.
పంతొమ్మిది ఎక్కువున్నయి.
పంతొమ్మిది రాత్రులు నాకు
ఒక్క రింగు వచ్చింది.
మిస్డ్ కాల్‌కు గూడ అబద్దమాడొస్తదని
అప్పటిదాంక నాకు తెల్వది.

మొత్తుకోలే.
చాట తీస్కపోయి ఆయన ముందల పెట్టిన.

బీడి ఆరిపోయినంక నోరిప్పిండు.
రేకుల షెడ్డుల పన్నెండు మందిమి పంటమే,
తొమ్మిదికి ఎవనికీ నిద్రరాదు,
సీసా ఎత్తితె గలగలమంటది.
ఏందిర కుర్మా, గిలక ఆడిస్తున్నవ్,
ఎవలకు పుట్టిండ్రు పిల్లలు అని నవ్విండొకడు.
వాడు ధన్వాడ దిక్కోడు.
వాని పెండ్లాం మీ చెల్లె ఊరిది.

గలగలకా?
పదమూడో అంతస్తు మీద
నడుముకు తాడు లేకుంట నిలవడేటోడు
గలగలకు బుగులువడ్డడు.

తిట్టనీకె నోటి దాంక వచ్చింది, తిరిగి పోయింది.
మూలకు మేము ఏరిన పత్తి కుప్ప.
గుప్పెడు తీసి, గింజలొల్చి,
ఎండకు పెట్టి, సీసల కుక్కిన.
ఊపి చూసిన.
ఆయన చెవు కాడ ఊపిన.
సప్పుడు లేదు.
ఆ ఏడు క్వింటాలుకు సేటు ఎంతిచ్చిండో మర్చిపోయిన గాని
ఆ గుప్పెడు యాదికుంది.

సెంటరుకు పోయినంక ఆయనే చెప్పిండు మేడంకు,
పంతొమ్మిదని.
నేను నోరు మూసుకున్న.
బల్ల మీద నడుమ జాగ ఇంక ఉంది,
చేతిసంచి పెట్టుకునేంత.
నెత్తురు తీసుకున్నరు.
వైరల్ లోడు రిపోర్టు వచ్చినంక
ఫోన్ చేస్తమన్నరు.

జడ్చర్లల బస్సెక్కేటప్పుడు చెప్పిన,
రింగులు వద్దింక.
నేను చేస్త, ఎత్తు.
పక్కోళ్ళుంటె మాట్లాడకు, అసలే మాట్లాడకు,
ఫోను గొంతు కాడ పెట్టుకో.

ఇప్పుడు తొమ్మిదికి
అవతల ఎవడో మరాఠీల తిడ్తుంటడు,
ఎవనిదో పాట,
రేకుల మీద వాన.
దానెనుక,
శాన ఎనుక,
ఒక గుటక.

ఇరవై ఏండ్లాయె లగ్గమై.
ఈ మనిషి గుటక ఎట్లుంటదో
ఎన్నడన్న ఇన్ననా?
నాది నీకు ఇనవడ్తున్నదా అని
అడుగుదామనుకుంట.
బ్యాలెన్సు పోతదని
పెట్టేస్త.